నైట్ హాల్ట్ బస్సులో ఊపిరి మిషను

డిపోలో డ్యూటీ చార్టు మీద తన పేరుకెదురుగా ‘ఊటచెలిమ నైట్ హాల్ట్’ అని చూడగానే దేవ్‌సింగ్‌కు అడవి గుర్తు రాలేదు, చర్ల దాటాక వచ్చే గుంతల రోడ్డూ గుర్తు రాలేదు. ఆ ఊళ్లో కరెంటు లేదన్న సంగతే గుర్తొచ్చింది.

సర్కారు బస్సు నడపడంలో పదహారేళ్ల సర్వీసు అతనిది. పుట్టింది వైరా దగ్గర తండాలో, కాపురం భద్రాచలంలో. మనిషి భారీగా ఉంటాడు, మెడ పొట్టి. అతని గురక గురించి వీధిలో అందరూ నవ్వుకునేవారు. భార్య కమ్లి మాత్రం నవ్వేది కాదు. గురక సాగి సాగి ఉన్నట్టుండి ఆగిపోయేది. ఛాతీ కదిలేది గాని గాలి లోపలికి పోయేది కాదు. ఆమె వేళ్లు మడుస్తూ కూర్చునేది. పది, ఇరవై, ఒక్కోసారి ముప్పై. ఆఖరికి అతను పెద్ద గుటక వేసి ఊపిరి అందుకునేవాడు. ఆమె మళ్లీ లెక్క మొదలుపెట్టేది. తెల్లారి లేచాక అతనికి ఏదీ గుర్తుండేది కాదు, తల దిమ్ముగా ఉందని మాత్రం అనేవాడు.

తొంభై ఐదు వానాకాలంలో పట్టపగలు, తిన్నగా ఉన్న రోడ్డు మీద, దేవ్‌సింగ్ బస్సు పొలంలోకి దిగిపోయింది. స్టీరింగు మీద కన్ను మూతపడింది, అంతే. నాటు వేసిన మడి మెత్తగా ఉండబట్టి ఎవరికీ దెబ్బలు తగల్లేదు. తాగి నడిపాడన్నారు. తాగలేదని పరీక్షలో తేలినా ఆ మాట చాలాకాలం అతని వెంట తిరిగింది.

హైదరాబాదులో డాక్టరు ముందు దేవ్‌సింగ్ తలవంచుకుని కూర్చుంటే కమ్లే మాట్లాడింది.

"నిద్రల ఊపిరి ఆగిపోతది సారూ. నేను లెక్కపెట్టిన. పదేండ్ల సంది లెక్కపెడుతున్న."

డాక్టరు రాస్తున్న పెన్ను పక్కన పెట్టి ఆమె చెప్పిందంతా విన్నాడు. ఆ రాత్రి దవాఖానాలో పడుకోబెట్టి చూశారు. గంటకు నలభైసార్లు ఊపిరి ఆగుతోంది. నిద్రలో గొంతు వెనక కండ వదులై దారి మూసుకుపోతుందనీ, మనిషి పడుకున్నట్టే ఉంటాడు గాని నిద్రపోడనీ, ఆ పోని నిద్రే పగలు స్టీరింగు మీదికి వస్తుందనీ డాక్టరు వివరించాడు. స్లీప్ అప్నియా అని ఆ జబ్బుకు పేరు. దానికో మిషనుంది. ముక్కుకు మాస్కు కట్టుకుంటే గొట్టంలోంచి గాలి తోస్తూ గొంతు మూసుకోకుండా కాస్తుంది. చనిపోయిన ఒక పేషెంటు తాలూకు వాళ్లు ఇచ్చిపోయిన మిషనును డాక్టరు వాళ్ల చేతిలో పెట్టాడు. ఫిట్ సర్టిఫికెట్ మీద ఒక షరతు రాశాడు: ప్రతి రాత్రీ మిషనుతోనే నిద్రపోవాలి.

మొదటి రాత్రి మాస్కు కట్టుకుని దేవ్‌సింగ్ కదలకుండా నిద్రపోయాడు. కమ్లి కాసేపు చూసి, లెక్కపెట్టడానికి ఏమీ లేక, తనూ నిద్రపోయింది. పొద్దెక్కి పాలు పోసే ఆమె తలుపు కొడితే గాని ఇద్దరూ లేవలేదు.

మిషను నడవాలంటే కరెంటుండాలి. భద్రాచలంలో గాలివానకో, గోదారి పొంగుకో కరెంటు పోతూనే ఉండేది. తండా వరసలో తమ్ముడయ్యే బిచ్యా పెళ్లిళ్లకు మైకుసెట్టు కట్టేవాడు. అతను ఒక పాత ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు ట్రాన్సిస్టర్లు రేకు డబ్బాలో బిగించి తెచ్చాడు. బ్యాటరీకి రెండు క్లిప్పులు తగిలిస్తే డబ్బా అవతలి వైపు మిషనుకు సరిపడా కరెంటు వస్తుంది. ఇంట్లో ఉన్న పాత కారు బ్యాటరీ రెండు గంటలకు మించి లాగేది కాదు. ఇంట్లోనైతే రెండు గంటలు గడిచాక కమ్లి అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి వీపుకు దిండు ఆనించేది. ఊటచెలిమలో ఎవరు తిప్పుతారు?

డిపో మేనేజరును అడిగి డ్యూటీ మార్పించుకోవచ్చు. కానీ ఎందుకని అడుగుతాడు. సర్టిఫికెట్ ఫైల్లోకి పోయినప్పుడు ఆ షరతును ఎవరూ పట్టించుకోలేదు. చెబితే, ఈ జబ్బుతో స్టీరింగు వద్దంటాడేమో. దేవ్‌సింగ్ అడగలేదు. మిషనునూ డబ్బానూ దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కాడు.

ఊటచెలిమలో రాత్రి బస్సులోనే పడక. కండక్టరు బసవపున్నయ్య మధిర వైపు మనిషి, యాభై దాటిన పెద్దాయన. దోమలకు భయపడి అతను బడి వరండాలో దోమతెర కట్టుకునేవాడు. అది దేవ్‌సింగ్‌కు కలిసొచ్చింది. ఎవరూ చూడకుండా బస్సు బ్యాటరీకి క్లిప్పులు తగిలించి, వైరు కిటికీలోంచి లోపలికి లాక్కున్నాడు. బస్సులో రెండు బ్యాటరీలుంటాయి, ఒకదాంట్లోంచి కొంచెం వాడుకుంటే ఏం పోతుందనుకున్నాడు. నాలుగు రోజులు ఏమీ పోలేదు. హాయిగా నిద్రపోయాడు, హాయిగా బండి నడిపాడు.

ఐదో రోజు తెల్లవారుజామున సన్నగా ముసురు. సెల్ఫ్ కొడితే బండి ఒక్కసారి మూలిగి ఊరుకుంది. మళ్లీ కొట్టాడు. ఆ మూలుగు కూడా రాలేదు.

అప్పటికే బస్సులో పదిమంది కూర్చున్నారు. ముందు సీట్లో ముత్తక్క అనే ఆమె తన కూతురు చిన్నక్కను ఒళ్లో పడుకోబెట్టుకుని ఉంది. చిన్నక్కకు ఎనిమిదో నెల. మూడు రోజులుగా చలిజ్వరం. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడుతున్నాయి. ఆ అడవిలో దవాఖానాకు పోవడానికి ఆ బస్సు తప్ప ఇంకో బండి లేదు.

"ఏంది తమ్ముడా, పోతలేదు?" అని అడిగింది ముత్తక్క.

"బ్యాటరీ దిగింది అక్కా. తొయ్యాలె."

ముత్తక్క తమ్ముడు జంపయ్య దిగి ఊళ్లోకి కేకేశాడు. మగవాళ్లు, ఆడవాళ్లు, పశువులు తోలుకెళ్తున్నవాళ్లు, అందరూ వచ్చి బస్సు వెనక భుజాలు ఆనించారు. నేల బురద. కాళ్లు జారుతున్నాయి. దేవ్‌సింగ్ రెండో గేరులో పెట్టి క్లచ్ వదిలితే బండి కుదిపి ఆగింది. రెండోసారీ అంతే. అద్దంలో అతనికి వెనక జనం కనిపిస్తున్నారు, పక్కన చిన్నక్క మూలుగు వినిపిస్తోంది. చెమట కళ్లలోకి దిగుతున్నా తుడుచుకోలేదు. మూడోసారి ఊరి చివర చిన్న వాలు దాకా తోశారు. అక్కడ ఇంజను అందుకుంది.

ముప్పావుగంట ఆలస్యంగా చర్ల దవాఖానా ముందు బస్సు ఆగింది. తల్లీకూతుళ్లను లోపలి దాకా దేవ్‌సింగే దిగబెట్టి వచ్చాడు. సూది మందు వేసిన నర్సు, ఇంకా ముందే తేవాల్సిందని మామూలుగా అన్న మాట అతని చెవిలో పడింది. ఆ సాయంత్రానికి జ్వరం దిగిందని, కడుపులో బిడ్డ బాగానే ఉందని తెలిసినా ఆ మాట మాత్రం అతన్ని వదల్లేదు.

ఆ తర్వాత ఊటచెలిమలో మిషను దుప్పట్లోంచి బయటికి రాలేదు. ఎవరికీ ఏమీ చెప్పకుండా మామూలుగానే పడుకునేవాడు. మూడు రోజులకే పాత దిమ్ము తిరిగొచ్చింది. నాలుగో రోజు పొద్దున చర్ల దాటాక రోడ్డు పక్కకు బండి ఆపి, దిగి, నీళ్ల సీసా నెత్తి మీద కుమ్మరించుకున్నాడు. ఎక్కబోతుంటే బసవపున్నయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఇది రెండోసారి ఆపడం. ఏంటి సంగతి?" అన్నాడు చిన్న గొంతుతో.

"ఏం లేదు పున్నయ్యన్నా. ఉక్కగ ఉంది."

"వాన పడతంటే ఉక్కేంటి? నేను చూస్తానే ఉన్నా. కళ్లు మూతలు పడతన్నాయి నీకు. వెనకాల ముప్పైమంది ఉన్నారు."

దేవ్‌సింగ్ తడి తలతో అక్కడే నిలబడి మొత్తం చెప్పాడు. జబ్బు, మిషను, డబ్బా, బస్సు బ్యాటరీ ఎందుకు దిగిందీ. చెప్పేటప్పుడు పెద్దాయన ముఖం చూడలేకపోయాడు.

"ఆ పిల్లకేమన్న అయితే నా పాణం ఊకుంటదా అన్నా? అందుకే బంద్ జేసిన."

"బంద్ చేసి? ఆ పిల్ల బతికింది. ఇప్పుడు ఈ ముప్పైమందినీ చెరువులో దించుతావా?" బసవపున్నయ్య కోపంగా అనలేదు. "డిపోకి పోదాం. నువ్వు చెప్పకపోతే నేను చెప్పాల్సొస్తుంది. నువ్వు చెబితేనే బాగుంటుంది. నేను పక్కనుంటా" అన్నాడు. మిగతా దారంతా టిక్కెట్లు కొట్టడం మానేసి బానెట్ పక్కన కూర్చుని, దేవ్‌సింగ్ చేత తండా కబుర్లు చెప్పిస్తూ తీసుకొచ్చాడు.

డిపో మేనేజరు అంతా విని, ఫైల్లోంచి దేవ్‌సింగ్ సర్టిఫికెట్ బయటికి తీశాడు. ఉద్యోగం పోయిందనే దేవ్‌సింగ్ అనుకున్నాడు.

"బస్సు బ్యాటరీ ముట్టుకున్నందుకు మెమో ఇస్తాను. అది తప్పదు" అన్నాడాయన. సర్టిఫికెట్ మీది షరతు వేలు పెట్టి చదివాడు. "ఇంటి నుంచి పరుపు తెచ్చుకుంటే నేను కాదంటానా? సొంత బ్యాటరీ తెచ్చుకున్నా అంతే. ఇక మిషను లేకుండా నైట్ హాల్ట్ చేశావని తెలిస్తే మాత్రం స్టీరింగు ముట్టుకోనివ్వను."

డిపో ఎలక్ట్రీషియన్ పగిడయ్య కంకర మిల్లు దగ్గర ఒక ట్రాక్టరు బ్యాటరీ చూసిపెట్టాడు. దానికి చెక్కపెట్టె, పెట్టెకు తాడు పిడులు కమ్లే దగ్గరుండి చేయించింది. పొద్దున బస్సు డిపోకు రాగానే పెట్టె చార్జింగు రూములోకి పోయేది, సాయంత్రం మళ్లీ డ్రైవరు సీటు వెనక్కి వచ్చేది. బరువుకు ఒక్కడి వల్ల కాదు. ఒక పిడి దేవ్‌సింగ్, ఇంకో పిడి బసవపున్నయ్య పట్టుకునేవారు.

ఊటచెలిమలో ఈసారి అతను దాచుకోలేదు. చిన్నక్క దవాఖానా నుంచి తిరిగొచ్చిన సాయంత్రం, దీపాలు పెట్టేవేళ, ముత్తక్క బస్సు దగ్గరికి వచ్చింది. అతను ఆమెను ఎక్కించి కూర్చోబెట్టాడు.

"అక్కా, ఆ దినం బండి చెడిపోలే. నేనే బ్యాటరీ వాడుకున్న. గీ మిషను కోసం."

ముత్తక్క మిషను వంక చూసింది. మాస్కు చేతిలోకి తీసుకుంది. అతను స్విచ్చి వేస్తే గాలి ఆమె అరచేతికి తగిలింది. కాసేపు చెయ్యి అలాగే ఉంచింది.

"ఇది లేకపోతే?"

"నిద్రల ఊపిరి ఆగుతది."

ఆమె మాస్కు కింద పెట్టింది. కూతురి గురించి నిలదీస్తుందని అతను కాచుకుని ఉన్నాడు.

"ముందుగాల్నే చెప్తే, బండిని వాలు మీద పెట్టుకొమ్మందుము గద" అంది. "ఊరి చివర జాగా ఉండనే ఉంది. మేం లేమా తొయ్యనీకి?" ఆ మాటల్లో కోపం కొంచెం ఉంది. అది ఉండడమే దేవ్‌సింగ్‌కు తేలికనిపించింది. ఉత్తి పుణ్యానికి క్షమిస్తే అతనికి తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

ఆమె దిగబోతూ మెట్టు మీద ఆగింది. "మా జంపయ్యకు గిట్లనే అయితది. గురక పెట్టి పెట్టి సచ్చిపోయినట్టు ఊకుంటడు. పొద్దుగాల మంచె మీద కూసుండే నిద్రపోతడు. సోమరోడని అందరం తిట్టినం. నేను గూడ తిట్టిన."

"గొంతు మూసుకపోయినట్టు గుటక ఏస్తడా?"

"అవ్. నీకెట్ల తెలుసు?"

దేవ్‌సింగ్ ఆమెను మళ్లీ కూర్చోబెట్టి, డాక్టరు తనకు చెప్పిందంతా ఆమెకు చెప్పాడు. వెల్లకిలా పడుకోనివ్వొద్దని, పక్కకు తిప్పి వీపుకు మూట ఆనించమని, ఇంట్లో కమ్లి ఎలా చేసేదో తను ఆ సీటు మీదే పడుకుని చూపించాడు. తనకు జబ్బుందని ఒక మనిషికి భయం లేకుండా చెప్పడం అతనికి అదే మొదలు.

దసరా వెళ్లాక జంపయ్యను హైదరాబాదు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి దేవ్‌సింగ్ రెండు రోజులు సెలవు పెట్టాడు. కమ్లి కూడా వస్తానంది. జంపయ్య నిద్రలో ఎంతసేపు ఊపిరి ఆగుతోందో డాక్టరుకు సరిగ్గా చెప్పాలంటే లెక్కపెట్టడం తెలిసిన మనిషి ఉండాలంది. బయల్దేరే రోజు పొద్దున ఊటచెలిమ నుంచి వచ్చిన బస్సు దిగి, జంపయ్య కొత్త చొక్కాతో, కొంచెం సిగ్గుపడుతూ, వాళ్లిద్దరి పక్కన భద్రాచలం బస్టాండులో నిలబడ్డాడు.