మిషను రిపేరు

మా బావగారికి ఊరికే దగ్గు రాదు. ఆయన దగ్గారంటే కొట్టులో మిషను పాడైనట్టే.

టైలరింగ్ కొట్టు ఆయనది. ఆడవాళ్ళ కొలతలు తీసుకునే పని నాది. కాలువ అవతలి వాళ్ళెవరైనా గుడ్డ పట్టుకుని గడప ఎక్కితే ఆయన పెడల్ మీంచి కాలు తీసేసి దగ్గుతారు. నేను "మిషను రిపేరమ్మా" అనాలి. మీకు కుట్టం పొమ్మని ముఖం మీద చెప్తే కేసవుతుందని ఆయనకు తెలుసు. అందుకని పాపమంతా నోరులేని మిషను నెత్తిన రుద్దారు.

"నా కొట్టు, నా ఇష్టం. వాళ్ళని కొలిచిన టేపుతో మనవాళ్ళని కొలిస్తే రేపు ఒక్కరైనా మన గడప తొక్కుతారా అమ్మాయ్?" అంటారు. మా ఆయన పోయాక నాకు అన్నం పెట్టింది ఈ కొట్టే. పైగా వాదించే ఓపిక నాకు ఎప్పుడో అయిపోయింది.

నిన్న ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్లకి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం దొరికిందట. సోమవారం పొద్దున తెల్ల యూనిఫారంతో కనబడకపోతే చేర్చుకోరట.

"రెడీమేడ్‌వి ఒక్కటీ సరిపోలేదమ్మా. మా పిల్ల మరీ పొడుగు. వీధిలో అన్ని కొట్లూ తిరిగొచ్చాం," అంది.

బావగారు దగ్గారు. "మిషను రిపేరమ్మా," అన్నాను.

ఈ పొద్దున షట్టర్ ఎత్తేసరికి ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి కూతురితో పాటు పనిముట్ల పెట్టె పట్టుకున్న మనిషి కూడా ఉన్నాడు.

"మా తమ్ముడమ్మా. కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. మీది కూడా చూస్తాడని లాక్కొచ్చాను. మాకేం ఇవ్వక్కర్లేదు, మా పిల్లది కుట్టిపెట్టండి చాలు," అంది ఆయాసపడుతూ.

మా మాట నమ్మి, మాకే సాయం చేయడానికి వచ్చినవాళ్ళు ఇంతవరకు లేరు. బావగారికి దగ్గు కూడా రాలేదు.

తమ్ముడు స్టూలు మీద కూర్చుని చక్రం తిప్పాడు. గుడ్డపీలిక ఒకటి పెట్టి కుట్టు వేశాడు. ఎక్కడా తెగకుండా చక్కగా పడింది. పీలికను చూశాడు, బావగారిని చూశాడు, చివరికి నన్ను చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

పీలికను నలిపి జేబులో పెట్టుకున్నాడు. "ఇది నా వల్ల కాదక్కా. లోపల పార్టు పోయింది. ఇప్పట్లో దొరకదు," అన్నాడు.

నా అబద్ధాన్నే అతను అందుకున్నాడు. నేను తిండి కోసం చెప్పిన మాటను తను అక్క మనసు నొచ్చుకోకూడదని చెప్పాడు.

ఆమె నా చేయి పట్టుకుంది. "అయ్యో, మిషను లేకపోతే మీకెలా గడుస్తుందమ్మా?"

ఆ పొడుగు పిల్ల మాత్రం మేనమామ జేబు వైపే చూస్తోంది. దానికి అర్థమైపోయింది.

ఇక నా వల్ల కాలేదు. ధైర్యమేం కాదు, విసుగు. ఈ మాట ఇంకొక్కసారి అనాలంటే ఒంట్లో శక్తి లేదు. మెళ్ళో టేపు తీసి, "ఇలా రా తల్లీ," అన్నాను.

"మిషను పాడైందిగా?" అంది తల్లి.

"మిషను బానే ఉందమ్మా. ఎప్పుడూ బానే ఉంది."

 ఆమె నా చేయి వదిలేసింది. ఆ వదిలేయడం ఇంకా నా చేతికి తెలుస్తూనే ఉంది. "పదవే, పోదాం," అంది కూతురితో.

పిల్ల కదల్లేదు. "సోమవారం నేను డ్యూటీలో చేరాలమ్మా," అని నా ముందుకొచ్చి చేతులు చాచింది. "కొలవండి," అంది. నవ్వలేదు.

టేపు దాని భుజాల మీద పరిచాను. వెనక బావగారు దగ్గారు. ఆగి, ఇంకా గట్టిగా దగ్గారు.

"కాసిని మంచినీళ్ళు తాగండి బావగారూ," అన్నాను, వెనక్కి తిరగకుండా.