గొడుగుగారి సెలవులు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. నిద్రలో పాప ఊపిరి ఆగిపోవడం, ఆ క్షణంలో తను పక్కన లేకపోవడం. ఏడాదిన్నర పిల్ల. గుండ్రాయిలా ఉంది. డాక్టరు కూడా నవ్వి పంపించేశాడు. అయినా భయం వదల్లేదు. అందుకే ఆఫీసులో పదిన్నరకి ఎడమ చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, కుడి చేత్తో గొడుగుని మెట్లెక్కిస్తోంది.

"అత్తయ్యా, పడుకుందా? ఛాతీ కదులుతోందేమో ఒక్కసారి చూడండి."

"కదులుతోందే తల్లీ. ఇందాకా కదిలింది, ఇప్పుడూ కదులుతోంది. ఇంకోసారి అడిగావంటే లేపి నీతో మాట్లాడిస్తా. మళ్లీ పడుకోబెట్టడానికి నువ్వే రావాలి."

తెర మీద గొడుగు పదహారో మెట్టు మీద కాలు పెట్టింది. మెట్టు మూలిగింది: 'మోకాళ్ల నొప్పులండీ, పక్క మెట్టు చూసుకోండి.' పక్క మెట్టు లేదు. ఉండాల్సిన చోట నల్లటి కన్నం. గొడుగు అందులోంచి జారి ఆట బయటికి పడిపోయింది. ఆమె వెంటనే తప్పుల పట్టీలో రాసింది. తప్పు: పదిహేడో మెట్టు లేదు. ఎలా జరిగింది: నొప్పుల మెట్టు మీంచి కుడివైపు దూకితే. ఎన్నిసార్లు జరుగుతుంది: ప్రతిసారీ.

ఇదీ ఆమె ఉద్యోగం. ఇంటర్ సగంలో చదువు ఆగిపోయింది కానీ, వీడియో ఆటల్లో ఎక్కడ ఏ గోడ గుల్లగా ఉందో ఆమె వేళ్లకి తెలుస్తుంది. పాతికేళ్ల కిందటి గొడుగు ఆటకి ఇప్పుడు కొత్త భాగం తయారవుతోంది. వానంటే భయపడే గొడుగు ఒకటి సెలవు పెట్టి సముద్రం చూడటానికి వెళ్తుంది. తీరా వెళ్తే ఇసుకలో బోర్డు: 'సముద్రం ఊళ్లో లేదు. సాయంత్రం రండి.' ఇక దాన్ని వెతుక్కుంటూ, క్షవరం చేసే చేపనీ, తట్టగానే 'నేను ఇంట్లో లేను' అని లోపల్నించి అరిచే తలుపునీ దాటుకుంటూ పోవాలి.

ఈ పిచ్చంతా పక్క కుర్చీలో మనిషి బుర్రలో పుట్టిందే. అందరూ ఆయన్ని చుక్కలాయన అంటారు. బొమ్మని గీతతో గీయడు, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోతాడు. పాత ఆటకీ ఆయనే పెట్టాడు. అరవైకి దగ్గరపడ్డాడు. వంగి వంగి వీపు కొడవలిలా అయింది. ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా కూర్చుని, తన జోకుకి తనే ముందు నవ్వుకుంటాడు. పెళ్లి చేసుకోలేదేం బాబాయ్ అని ఆమె ఒకసారి అడిగితే, "పదహారు గళ్ల బొమ్మ కంటే పెద్దదేదీ సంబాళించడం నాకు రాదమ్మాయ్" అన్నాడు. ఆమె ఫోన్ల గోల చూడలేక నిద్రపోతున్న పాప బొమ్మ ఒకటి చేసి, ఛాతీ దగ్గర రెండు చుక్కలు పైకీ కిందికీ కదిలేలా పెట్టి, ఆమె తెర మూలన అంటించాడు. "ఇది ఆగదు. దీన్ని చూసుకుని మీ అత్తగారిని బతకనీ."

ఆ రోజు పొద్దున రాగానే ఆయన ఎడమ చెయ్యి నలుపుకుంటూ కూర్చున్నాడు.

"తిమ్మిరెక్కిందమ్మాయ్. భుజం నుంచి దవడ దాకా లాగుతోంది."

"డాక్టరు దగ్గరికి పదండి బాబాయ్. నేనూ వస్తా."

"గడువు సారుకి ఓ మాట చెప్పి వెళ్దాం."

గడువు సారంటే మేనేజరు. గడువు అన్న మాట లేకుండా నోరు తెరవడు. ఆయన వచ్చి, చేతిలో కాఫీ కప్పు దించకుండానే విన్నాడు.

"రేపు విడుదల పెట్టుకుని ఇవాళ చెయ్యి నొప్పా? సరే, చేతులు అక్కర్లేని పనే ఇస్తాను. నానబెట్టండి. అయ్యాక వెళ్దురుగాని."

వెనక బల్లల దగ్గర ఇద్దరు నవ్వారు. చుక్కలాయన కూడా నవ్వాడు. ఆమెకు ఒళ్లు మండింది. మండినా ఏమీ అనలేదు.

నానబెట్టడమంటే, ఆటని తెరిచి ఏ మీటా నొక్కకుండా గంటలకొద్దీ వదిలెయ్యడం. ఎవరూ ముట్టుకోకపోతే దానంతటదే కూలిపోతుందేమో చూడటం. కూలినప్పుడు కనిపెట్టడానికి ఒక మనిషి ఎదురుగా కూర్చోవాలి. ఆ కుర్చీ వెనక ఎర్ర కాగితం అంటిస్తారు: 'నానుతోంది. ముట్టుకోవద్దు. పలకరించవద్దు.' ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె బల్ల తుడుస్తూ నానుతున్న యంత్రం మౌసుని కదిలించింది. ఆరు గంటల పరీక్ష పోయింది. గడువు సారు అందరి ముందూ, "చదువు అబ్బని చేతులు ఊరికే ఉండలేవు" అన్నాడు. ఆ మాట ఇంకా మానలేదు. ఎర్ర కాగితం కనబడితే చాలు, ఆమె చేతులు వాటంతటవే వెనక్కి పోతాయి.

పదకొండుకి కాగితం అంటించారు.

మీట నొక్కకపోతే గొడుగు ఊరుకోదు. ఐదు నిమిషాలకి ఆవలిస్తుంది. అరగంటకి మడతల్లోంచి కుర్చీ తీసి కూర్చుంటుంది. గంటకి గడ్డం మొలుస్తుంది. రెండు గంటలకి తెర దాకా నడిచొచ్చి లోపల్నించి అద్దం మీద టకటకా కొట్టి, 'ఏవండోయ్, ఉన్నారా?' అంటుంది. అక్కణ్నించి పావుగంటకోసారి అదే వరస. చుక్కలాయనకి ఎంతో ఇష్టమైన జోకు అది. ఆ గడ్డానికే మూడు రోజులు పట్టింది.

ఒంటిగంటకి గొడుగు మొదటిసారి అద్దం కొట్టింది. గది గొల్లుమంది.

"బాబాయ్‌ని చూడు, ఎంత బుద్ధిగా కూర్చున్నాడో. గొడుగే నయం, కదులుతోంది" అంది ప్రోగ్రాములు రాసే అమ్మాయి.

ఆమె తల తిప్పి చూసింది. ఆయన గడ్డం ఛాతీకి ఆనింది. కళ్లజోడు ముక్కు చివరికి జారింది. తెర ముందు కునుకు తియ్యడం ఆయనకి కొత్తేమీ కాదు. చెయ్యి ఎలా ఉందని అడుగుదామని నోరు తెరిచింది. కాగితం చూసి మూసుకుంది. డబ్బా విప్పి తినేసింది. అత్తయ్యకి రెండుసార్లు ఫోను చేసింది. ఛాతీ కదులుతోందన్నారు. తెర మూల రెండు చుక్కలూ కదులుతున్నాయి. కుర్చీకీ కుర్చీకీ మధ్య జానెడు దూరం.

మూడింటికి గొడుగు తొమ్మిదోసారి అద్దం కొట్టింది. ఇప్పుడెవరూ నవ్వడం లేదు, విసుగొచ్చేసింది. ఆమె మాత్రం పని ఆపేసింది. ఒంటిగంట నుంచీ ఎక్కడో ఏదో లోటుగా ఉందని తోస్తోంది. అదేమిటో అప్పుడు తట్టింది. తొమ్మిదిసార్లలో ఒక్కసారి కూడా ఆయన నవ్వలేదు.

కాసేపు కాగితం వంకే చూస్తూ నిలబడింది. తర్వాత భుజం మీద చెయ్యి వేసింది.

"బాబాయ్."

పాపకి చూసినట్టే, అరచెయ్యి ఆయన ఛాతీ మీద పరిచింది. అలాగే ఉంచింది. చాలాసేపు ఉంచింది.

అంబులెన్సులో వచ్చినవాడు కనురెప్పలు ఎత్తి చూశాడు, దవడ పట్టుకు చూశాడు. "ఎప్పుడో మధ్యాహ్నం ముందే పోయాడు. ఇంతమంది ఉన్నారు, ఒక్కరూ చూడలేదా?" అన్నాడు. గదిలో పదకొండు మంది ఉన్నారు.

ఆయన్ని మోసుకెళ్లాక గడువు సారు వచ్చాడు. ముఖం పాలిపోయింది, అది నిజమే. కానీ ఆయన కళ్లు ముందు తెర మీదికే పోయాయి.

"కూలలేదుగా? నాలుగు గంటలు దాటింది. పాసయినట్టే. ఎవరూ ముట్టుకోకండి, ఫొటో తీసుకుంటాను."

"ముట్టుకోకుండానే కదండీ చంపాం" అంది ఆమె.

"ఆవేశపడకమ్మా. ఆయనకీ వయసైంది..."

"చెయ్యి లాగుతోందని మీకు చెప్పాడు. మీరు జోకు వేశారు. వాళ్లు నవ్వారు. నేను పక్కనే ఉండి నోరు మూసుకున్నాను. వయసు మీదికి తోసెయ్యకండి."

ఎర్ర కాగితం పీకి ఉండ చుట్టింది. గడువు సారు ఫోను ఎత్తేలోపు వంగి ప్లగ్గు లాగేసింది. అద్దం మీద చెయ్యెత్తిన గొడుగు చెయ్యెత్తినట్టే ఆరిపోయింది. చదువు అబ్బని చేతులే మరి.

తర్వాత తన కుర్చీలో కూర్చుని, తనకి తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో రాసింది.

తప్పు: మనిషి నాలుగు గంటలు కదల్లేదు. ఎవరూ చూడలేదు. ఎలా జరిగింది: ఒంట్లో బాగా లేదని చెప్పిన మనిషిని కూర్చోబెట్టి, వెనక కాగితం అంటించి, దాన్ని చదువుకుంటూ పక్కనించి వెళ్లిపోతే. ఎన్నిసార్లు జరుగుతుంది: ప్రతిసారీ. ఎవరు కనిపెట్టారు: పక్క కుర్చీలో ఉన్నది. ఆలస్యంగా.

ఐదు నిమిషాల్లో గడువు సారు దాన్ని పట్టీలోంచి కొట్టేశాడు. కారణం: ఆటకు సంబంధం లేదు. ఆమె మళ్లీ తెరిచింది. ఆయన మళ్లీ కొట్టేశాడు. ఆమె మళ్లీ తెరిచింది. మర్నాడు ఆట విడుదలైంది. గొడుగు గడ్డం చూసి జనం పడీ పడీ నవ్వుతున్నారట. ఆ తప్పు ఇంకా తేలలేదు. రోజూ పొద్దున రాగానే ఆమె చేసే మొదటి పని దాన్ని మళ్లీ తెరవడం.

మీ ఇంట్లోనో, మీ పక్క బల్ల దగ్గరో చాలాసేపటి నుంచి చప్పుడు చెయ్యని మనిషి ఎవరైనా ఉంటే, కాస్త లేచి వెళ్లి చూసి రండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఇక్కడ చుక్కలాయన బల్ల కింద ఒక జత తోలు చెప్పులు, మడమల దగ్గర ఒకవైపుకి అరిగిపోయి, లేవగానే కాళ్లు దూర్చుకోవడానికి వీలుగా బయటివైపు తిరిగి, విడిచినవి విడిచినట్టే ఉన్నాయి.