చొక్కాలో చ

ఇస్త్రీ పెట్టె నిజంగానే వేడిగా ఉంది, ఉత్తుత్తి పెట్టె పెడతారనుకున్నాను, ఆవిరి కనపడాలన్నారట కెమెరా ఆయన, వేలు తగిలితే చురుక్కుమంది, అయినా చెయ్యి లాక్కోకూడదు, ఎందుకంటే నేను వేషం వేస్తున్న ఈ లాండ్రీ పిల్ల పదకొండేళ్ళుగా ఇదే బల్ల ముందు నిలబడి చొక్కాలు మడతపెడుతోంది, దానికి వేడి కొత్త కాదు, నాకే కొత్త, నాకు ఇవాళ అన్నీ కొత్తే, గుండె ఎక్కడో గొంతులో కొట్టుకుంటోంది, సౌండ్ ఆయన నా మెడ దగ్గర దాచిన మైకులోకి ఈ దడదడంతా వెళ్ళిపోతోందేమో, వెళితే వెళ్ళనీ, వాళ్ళకైనా వినపడుతుంది, నాకు పుట్టినప్పటి నుంచీ ఏదీ వినపడదు, ఇరవై మూడేళ్ళు, కెమెరా కింద మోకాళ్ళ మీద కూర్చున్న అక్క నా వంక చూసి కనుబొమలెగరేసింది, సిద్ధమేనా అని, నేను ముక్కు చిట్లించాను, మా ఇంట్లో దానికి అర్థం నీ పని నువ్వు చూసుకో అని, అక్క నవ్వింది, అక్క పని ఏమిటంటే కుడిచెయ్యి చాపి ఉంచడం, పెద్దాయన ఆఖరి మాట అనగానే పిడికిలి మూయడం, అప్పుడు నేను మొదలుపెట్టాలి, పెద్దాయన అంటే నలభై ఏళ్ళుగా నటిస్తున్న మనిషి, ఇందులో నాకు తండ్రి, ఎప్పుడో ఇల్లొదిలిపోయి ఇవాళ తిరిగొచ్చే తండ్రి, ఆయన మీసం పై పెదవిని పూర్తిగా మింగేసింది, ఆ మీసంలోంచి మాటలు ఏరుకోవడమంటే చీకట్లో బియ్యం ఏరడమే, అందుకే అక్క పిడికిలి, అక్క లేకపోతే నా పని గోవిందా.

అదుగో నిర్మాత వచ్చి కూర్చున్నాడు, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటున్నాడు, నిన్న ఇదే మనిషి గది అవతలి కొసన నిలబడి దర్శకురాలితో అన్నాడు, పిల్ల మొహం బాగానే ఉందమ్మా, ఆ గొంతు మాత్రం జనం భరించలేరు, ఇంకొకరి చేత చెప్పించేద్దాం అని, పాపం, చెవిటిదానికి దూరంగా నిలబడి మాట్లాడితే రహస్యమనుకున్నాడు, మొహం కనపడితే చాలు నేను వీధి అవతలి నుంచైనా వింటాను, దర్శకురాలు మాత్రం ఒక్క సీను గడువడిగింది, రేపు మీరే చెవిలో పెట్టుకుని వినండి, అప్పుడు మీ ఇష్టం అంది, అంటే ఇప్పుడు, ఈ సీనే, ఇది పోతే నా నోట్లో ఎవరో కూర్చుని మాట్లాడతారు, నేను పెదవులాడిస్తూ ఉంటాను తోలుబొమ్మలా, ఇంతకు ముందు రెండు సినిమాలకు ఆ బాధ కూడా లేదు, రెండింట్లోనూ మూగపిల్లనే, రెండింట్లోనూ విశ్రాంతి లోపే చచ్చిపోయాను, ఒకసారి లారీ కింద, ఒకసారి బావిలో, అమ్మ రెండోది చూస్తూ మధ్యలో లేచి వచ్చేసింది, ఎప్పుడూ చావడానికేనా నిన్ను పిలిచేది అని రెండు రోజులు సణిగింది, ఆ తర్వాత వానలో తడుచుకుంటూ ఈ దర్శకురాలు మా ఇంటికొచ్చింది, తువ్వాలుతో తల తుడుచుకుంటూ, ఈ సినిమాలో నీకు పాట ఉంది అంది, నేను ఎగిరి గంతేశాను, ఆ వెంటనే ఆగిపోయాను, పాటా, నాకా, ఎలా పాడతాను, అక్క పొట్ట పట్టుకుని నవ్వి వేళ్ళతో అక్షరాలు చూపించింది, పాట కాదే పిచ్చిదానా, మాట, నీకు మాట ఉంది, ఏం చెయ్యను, పాట, బాట, మాట, పెదవుల మీద మూడూ ఒక్కటే, పెదవులు కలిసి విడిపోతాయి, అంతే, చిన్నప్పుడు బళ్ళో మాటలు నేర్పే టీచరు నోటి ముందు కాగితం ముక్క పట్టుకునేది, కాగితం ఎగిరితే ప, ముక్కు మీద వేలికి జుమ్మంటే మ, అలా ఒక్కో అక్షరాన్నీ ఒంటితో పట్టుకున్నాను, పట్టుకున్నాక ఏం లాభం, పద్నాలుగేళ్ళప్పుడు బస్సులో అక్కని గట్టిగా పిలిస్తే అందరూ ఒక్కసారి తిరిగి చూశారు, తర్వాత నవ్వారు, వెనక సీటు అమ్మాయి నా నోటిని అనుకరించి చూపించింది, ఆ రోజు నుంచి బయట నోరు తెరవలేదు, తొమ్మిదేళ్ళు, ఇప్పుడు ఇంతమంది ముందు తెరవబోతున్నాను, భయమా ఇది, కాదు, భయమైతే నవ్వెందుకొస్తోంది, మూడు నెలలు సాధన చేశాను, మూడే మాటలు, ఎందుకొచ్చావని అడగను, నీ చొక్కా నలిగింది, విప్పి ఇటివ్వు, అందులో చొక్కాలో చ నన్ను నిలువునా ముంచేది, అది పెదవుల మీద కనపడదు, ముక్కులో మోగదు, నోటి లోపల ఎక్కడో దాక్కుంటుంది, మాటలు రాసినాయన చొక్కా అన్న మాట తీసేసి బట్టలు అని పెడతానన్నాడు, వద్దన్నాను, ఆ పిల్ల బట్టలు అనదు, చొక్కా అంటుంది, ముంజేతికి నోరు ఆనించి, గాలి చివుక్కున తగిలే దాకా, చ, చ, చ, పక్కింటి పిల్లి నన్ను చూస్తే పారిపోయేది.

ఎర్రబల్బు వెలిగింది, నా కోసం పెట్టిన బల్బు, అందరికీ యాక్షన్ అన్న అరుపు, నాకు వెలుగు, పెట్టె తోస్తున్నాను, ఆవిరి లేచింది, తలుపు నీడ బల్ల మీద పడింది, తలెత్తాను, పెద్దాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో సంచీ, కళ్ళు నేల మీద, మీసం కదిలింది, దారి తప్పాననుకున్నాను అంటున్నాడు, తెలుసు, నాకు ఆయన మాటలన్నీ కంఠతా వచ్చు, ఇప్పుడు రెండడుగులు ముందుకేసి నా మొహంలోకి చూస్తూ మిగతాది చెప్పాలి, రిహార్సల్లో ఆరుసార్లు అలాగే చేశాడు, వెయ్యలేదు, తిరిగిపోయాడు, నాకు వీపు పెట్టి వీధి వైపు తిరిగిపోయాడు, మీసం లేదు, నోరు లేదు, ఉత్త వీపు, అయ్యో పెద్దాయనా ఏం చేస్తున్నావు, అక్క, అక్క చెయ్యి, తల తిప్పకూడదు, తిప్పితే కెమెరాకి దొరికిపోతాను, కంటి కొసలో అక్క చెయ్యి చాపే ఉంది, మూసుకోలేదు, మాట్లాడుతూనే ఉన్నాడా, ఇంకా మూసుకోలేదు, మరీ ఇంతసేపా, అప్పుడు చూశాను, భుజాల మధ్య చొక్కా పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది, ఊపిరి, ఒక మాటకి ఒక ఊపిరి, మీ అమ్మ పోయిందని తెలిసింది, లేచింది, దిగింది, రావాలనుకున్నాను, లేచింది, దిగింది, మొహం చెల్లలేదు, లేచింది, దిగి అక్కడే ఆగిపోయింది, చెమటకి అతుక్కుని, దారి దుమ్ముతో, నిలువునా నలిగిపోయి ఉన్న ఆ చొక్కా, దాన్ని చూస్తుంటే నా చేతులకే ఎలాగో అయింది, పెట్టె నిలబెట్టాను, ఎందుకొచ్చావని అడగను అన్నాను, గొంతు రొమ్ములో మోగింది, వీపు ఉలిక్కిపడింది, నీ చొక్కా నలిగింది, గాలి పళ్ళ సందున తెగి బయటికెళ్ళడం తెలిసింది, విప్పి ఇటివ్వు, చెయ్యి చాపాను, పెద్దాయన తిరిగాడు, తడిసిన మొహంతో గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టాడు, అది కాగితంలో లేదు, ఆయన విప్పుతున్నాడు, నేను తీసుకున్నాను, బల్ల మీద పరిచాను, ఇస్త్రీ చేశాను, కాలరు, చేతులు, వీపు, బల్బు ఆరదేమిటి, వెలుగుతూనే ఉంది, మడత పెట్టి ఇచ్చాను, అప్పుడు ఆరింది.

పెద్దాయన బనీనుతో నిలబడి నా తల మీద చెయ్యి పెట్టాడు, వెళ్ళిపోయాడు, నిర్మాత హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, దర్శకురాలి వైపు ఏదో అన్నాడు, వద్దు అన్నాడు, అది మాత్రం చదివాను, ఏం వద్దు, నా గొంతు వద్దా, వేరే గొంతు వద్దా, అక్కకేసి చూస్తే అక్క చెప్పదే, గబగబా నేనే వాళ్ళిద్దరి మధ్యకు వెళ్ళి నిలబడ్డాను, నోరు తెరిచి, ఏం వద్దు అని అడిగాను, గట్టిగానే అడిగానేమో, లైట్ల వాళ్ళు తిరిగి చూశారు, చూడనీ, ఎవరూ నవ్వలేదు, నిర్మాత నాకు కనపడేలా నిదానంగా చెప్పాడు, ఇంకెవరి గొంతూ వద్దమ్మా, నీదే ఉంచుదాం, ఎగరాలో ఏడవాలో తెలియక అక్క దగ్గరికి పరుగెత్తి, చేతులతో తిట్టాను, ఏమే, పిడికిలి ఎందుకు మూయలేదు, ఆయన అటు తిరిగిపోతే నేను చచ్చేదాన్ని తెలుసా, అక్క తన చేతి వంక చూసుకుంది, అప్పటికీ చాపే ఉంది అది, మర్చిపోయానే అంది, నిన్నే చూస్తూ ఉండిపోయాను.

మర్చిపోయిందా, మా అక్కేనా, ఆస్పత్రి వరండాలో నాన్న పోయాడని డాక్టరు చెప్పినప్పుడు బొటబొటా ఏడుస్తూ కూడా ఆయన నోటి మాట ఒక్కటీ వదలకుండా నాకు చేతులతో చెప్పిన అక్క, ఏనాడూ నాకు ఒక్క మాట బాకీ పెట్టని అక్క, అన్నీ పక్కన పెట్టి, టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన మనిషిలా కూర్చుని, తర్వాత ఏమవుతుందా అని చూసింది, అంత దుఃఖానికి ఆగని చేతులు ఇవాళ ఒక లాండ్రీ పిల్ల కోసం ఆగిపోయాయి, అయితే నేను నటిని, నిజంగానే నటిని.