పెట్టె మీద గుండీ

పొద్దున్నే మా అత్తగారి మాత్రల డబ్బా నింపుతుంటే మా ఆయన రెండుసార్లు తుమ్మాడు. మూడో తుమ్ము ఇంకా ముక్కులోనే ఉంది, "అలర్జిక్ రైనైటిస్" అనేశాడు. ఇక ఆ రోజుకు షాపులో దుమ్ము దులపడం, పై అరలు సర్దడం, అట్టపెట్టెలు దించడం అన్నీ నా పనే. రైనైటిస్ ఉన్న మనిషి దుమ్ములో నిలబడకూడదట. ఫోన్‌లో చదివాడు.

మాది గుండీలు, జిప్పులు, దారపు కండెలు అమ్మే షాపు. టైలర్లే మా గిరాకీ. పందొమ్మిదేళ్ళుగా గల్లాపెట్టె దగ్గర ఆయన కూర్చుంటాడు, నిచ్చెన నేనెక్కుతాను. గోడ నిండా వందల పెట్టెలుంటాయి. ప్రతి పెట్టె బయట అందులో ఉన్న గుండీనే ఒకటి కుట్టి పెడతాం. అది చూసే వచ్చినవాళ్ళు ఫలానా పెట్టె దించమంటారు. కుట్టడం మర్చిపోయామా, ఆ పెట్టె ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతుంది. లోపల ఎంత మంచి సరుకున్నా ఎవరూ అడగరు. కొన్నాళ్ళకు అది ఉన్నట్టు మాకే గుర్తుండదు.

మా ఇంట్లో జబ్బులూ అంతే. అత్తగారిది మెడనొప్పి కాదు, సర్వైకల్ స్పాండిలైటిస్. పక్కింటావిడ వస్తే పాసైన పరీక్ష పేరు చెప్పినట్టు చెబుతారు, అక్షరం పొల్లుపోదు. తల తిరిగితే వెర్టిగో. కాలు లాగితే సయాటికా. మా ఆయనకు తిండి ఎక్కువైతే యాసిడ్ రిఫ్లక్స్, నిద్ర ఎక్కువైతే స్ట్రెస్, పని ఎక్కువయ్యేలా కనిపిస్తే మైగ్రేన్. ఫైలు పట్టుకుని డాక్టర్ల ముందు నిలబడి ఆ పేర్లన్నీ తప్పుల్లేకుండా నేర్చుకున్నది నేను. ఏ మాత్ర పరగడుపున, ఏది తిన్నాక, దేనికి ఏది పడదు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మంచంలో ఉన్న మనిషికి పేరొకటి ఉంటే టీవీ గొంతు తగ్గుతుంది. కిటికీ తెరలు మూసుకుంటాయి. వేడి పాలు మంచం దగ్గరికే వెళతాయి, నా చేతుల్లో.

నాకు మాత్రం ఆ ఇంగ్లీషు ఎప్పుడూ అంటలేదు. నాకుండేది నలత. నీరసం. ఒంట్లో అదోలా ఉండటం. "నీరసమేగా, కాసేపు కూర్చో, పోతుంది" అంటాడాయన. నేను కూర్చోబోతుంటే, "కూర్చునే ముందు ఆ పదహారంగుళాల జిప్పుల కట్ట దించు" అంటాడు. నాలుగేళ్ళ కిందట నెలసరి పదిహేను రోజులైనా ఆగకపోతే అత్తగారికి చెప్పాను. "ఆడవాళ్ళ గొడవేలే అమ్మాయ్, ఈ వయసులో మామూలే. మేం ఎవరికి చెప్పుకున్నాం?" అన్నారు, నేను కాపడం పెడుతున్న మెడను రెండో పక్కకు తిప్పుతూ. ఆయనకు చెబితే "ఛీ, పొద్దున్నే ఆ మాటలేంటి" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. నేను బేరం తెలిసిన మనిషిని. కొనే ఉద్దేశం లేనివాడి ముందు సరుకు పదేపదే పరిస్తే మనమే చులకనవుతాం. చెప్పడం మానేశాను. ముదురు రంగు బట్టలే వేసుకున్నాను. నిచ్చెన మీద మెట్టు మెట్టుకీ ఆగి, ఏదో వెతుకుతున్నట్టు నటించడం నేర్చుకున్నాను.

పోయిన నెల నిచ్చెన మీద కళ్ళు చీకట్లు కమ్మి, పెట్టెతో సహా కిందికి జారాను. నేలంతా తెల్ల గుండీలు.

"చూసుకుని ఎక్కొద్దూ? ఇప్పుడివన్నీ ఎవరేరతారు?" అన్నాడాయన, గల్లా దగ్గర్నుంచి లేవకుండా.

నేనే ఏరాను. దారం కోసం వచ్చిన టైలరమ్మ కూడా వంగి ఏరుతూ, నా చెయ్యి తిప్పి గోళ్ళు చూసింది.

"అక్కా, ఇవి గోళ్ళా, తెల్లకాగితాలా? మంగళవారం వస్తా, ఆసుపత్రికి పోదాం. మీ ఆయనకు లైనింగు గుడ్డ బేరానికని చెప్తాలే. ఆ మాటైతే ఆయన చెవికెక్కుతుంది."

చెవికెక్కింది. పంపించాడు.

డాక్టరమ్మ అడిగింది. "ఎన్నాళ్ళుగా?"

"నాలుగేళ్ళు."

"నాలుగేళ్ళా! ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పానండీ. నలతగా ఉందని చెప్పాను."

ఆవిడ పెన్ను ఆగిపోయింది. గర్భసంచిలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపించింది, స్కానింగూ చేయించింది. రెండో మంగళవారం కాగితం వచ్చింది. యుటిరైన్ క్యాన్సర్, స్టేజ్ త్రీ. టైలరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు మాత్రం ముందు భయం వేయలేదు. హమ్మయ్య అనిపించింది. ఇక పడుకోవచ్చు. నాకూ తెరలు మూస్తారు. ఆ సంతోషం చూసుకుని నా మీద నాకే జాలేసింది. నా పెట్టెకూ ఎట్టకేలకు గుండీ కుట్టారు. మూత తీస్తే లోపల ఎంత మిగిలిందో డాక్టరమ్మ చెప్పలేదు, నేను అడగలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి, హాల్లో నిలబడి, ఆ పేరు తప్పు లేకుండా చెప్పాను. ఆయన టీవీ ఆపేశాడు. అత్తగారు కుర్చీలోంచి చటుక్కున లేచారు. వెర్టిగో గానీ సయాటికా గానీ అడ్డం రాలేదు. నా వైపే వస్తున్నారనుకున్నాను. నన్ను దాటుకుని వెళ్ళి కొడుకు తల గుండెకు హత్తుకున్నారు.

"నా తండ్రీ, నీకెంత కష్టమొచ్చిందిరా!"

ఆయన ఛాతీ పట్టుకున్నాడు. "ఊపిరాడట్లేదమ్మా. పానిక్ ఎటాక్ అనుకుంటా."

"అమ్మాయ్, అలా చూస్తావేంటి? వాడికి మంచినీళ్ళు తీసుకురా!"

వంటింట్లోకి వెళ్ళి గ్లాసు నింపాను. కాళ్ళు వాటంతటవే గుమ్మం దాకా వచ్చాయి, అలవాటు కదా. అక్కడ ఆగాయి. పేరొకటి ఉంటే చాలనుకున్నాను ఇన్నేళ్ళూ. ఎన్ని బేరాలు చేసినా, నా సొంత బేరంలో ఇంత మోసపోయాను. ఆ గోడ మీద నాకంటూ ఒక్క అర కూడా లేదు.

గుమ్మానికి ఆనుకుని కూర్చుని నీళ్ళు నేనే తాగాను, చుక్క మిగల్చకుండా. గ్లాసు పక్కన పెట్టి నేల మీదే ఒత్తిగిలి పడుకున్నాను. గచ్చు చల్లగా ఉంది. హాల్లోంచి రెండుసార్లు కేకేశారు. మూడోసారి ఆయనే లేచి వచ్చాడు, ఊపిరి బాగానే ఆడుతోంది.

"ఇప్పుడేమైంది నీకు?"

"నలతగా ఉంది" అన్నాను, కళ్ళు తెరవకుండా.