ఇతరాల విభాగం

మా ఆయనకు లోకంలో ఒక్క జబ్బూ లేదు, తప్పు ఒప్పుకోకపోవడం తప్ప. పాలు పొంగితే తప్పు గిన్నెది. దారి తప్పితే ఊరిది. పెళ్లయిన కొత్తలో నన్ను వేరే రైలెక్కించినప్పుడు కూడా, ఆ రైలే వచ్చి తప్పు ప్లాట్‌ఫామ్ మీద నిలబడిందన్నారు.

అలాంటి మనిషి చేతికి జీతాల సాఫ్ట్‌వేర్ వచ్చింది. మాది కర్టెన్లు కుట్టే దుకాణం, మావయ్యగారు పెట్టింది. పాత దుకాణం ఖాళీ చేసి పెద్ద షెడ్డుకు మారాం. పనిచేసే చోట్లు 'పాత దుకాణం', 'కొత్త షెడ్డు' అనీ, విభాగాలు కత్తిరింపు, కుట్టు, ఇస్త్రీ అనీ మా ఆయన అందులో ఎక్కించారు. పనివాళ్లందరినీ తలా ఒకదాంట్లో వేశాక మావయ్యగారు మిగిలారు. ఆయన కాసేపు కత్తిరిస్తారు, కాసేపు కుడతారు, మిగతా సేపు అందరినీ తిడతారు. దానికి విభాగం లేదు. మా ఆయన పాత దుకాణం కింద 'ఇతరాలు' అని ఒకటి తెరిచి, కన్నతండ్రిని అందులో కూర్చోబెట్టారు.

"అందులో పాత దుకాణం మూసేముందు మనుషులందరూ కొత్తదానికి మారారో లేదో చూసుకోండి. లేకపోతే దాంతోపాటే పోతారు" అన్నాను వెనకనుంచి.

"కత్తిరింపు, కుట్టు, ఇస్త్రీ, అన్నీ మార్చేశా. నువ్వు కూర చూసుకో, మాడుతోంది."

కూర మాడిన మాట నిజమే.

మర్నాడు క్యారియర్ పట్టుకుని షెడ్డుకు వెళ్లేసరికి మావయ్యగారు కత్తెర పక్కన పెట్టి ఫోను చూస్తున్నారు.

"అమ్మాయ్, ఇది నువ్వు చదువు. నా కళ్లజోడే పాడైందేమో."

చదివాను. 'విభాగం: ఇతరాలు. మీరు పనిచేసే చోటు మూతపడినందున నేటితో మీ ఉద్యోగం ముగిసింది. మీ భవిష్యత్తుకు శుభాకాంక్షలు.'

చేతిలోని క్యారియర్ ఎక్కడ పెట్టానో నాకే తెలియదు.

మా ఆయన వచ్చి చదివారు.

"సాఫ్ట్‌వేర్ నాన్నా... అదే పంపేసింది. నేను కాదు."

"దానికి నేనెవరో తెలీదురా. నీకు తెలుసుగా?" మావయ్యగారు జేబులోంచి తాళాలగుత్తి తీసి బల్లమీద పెట్టారు. "నీకు కత్తెర పట్టడం నేర్పింది ఎవర్రా? ఇతరాలా?"

గుమ్మం దగ్గరికెళ్లి చెప్పులు వెతుక్కున్నారు. పని మధ్యలో ఆయన చెప్పులు తొడుక్కోవడం నేనెన్నడూ చూడలేదు. ఇప్పుడు ఆ గడప దాటితే మళ్లీ రారని అక్కడున్న అందరికీ తెలుసు. కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

మా ఆయన నావైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను.

"నాన్నా, ఆగు... తప్పు..."

"సాఫ్ట్‌వేర్‌దేగా, విన్నాలే" అన్నారు మావయ్యగారు, ఒక కాలికి చెప్పు తొడుక్కుని.

"కాదు నాన్నా. నీ కోడలు ముందే చెప్పింది, నేనే వినలేదు. నిన్ను ఇతరాల్లో వేసింది నేను, వేసి మర్చిపోయింది నేను. తప్పు నాదే."