కురచ పలుపు

ఇన్ని నీళ్లుండి ఏం లాభం, ఒక్క గొర్రె మూతి పెట్టదు, అనుకున్నాడు గిరి, పడవ అంచును రెండు చేతులతో పట్టుకుని, పట్టుకున్నట్టు బావకు కనపడకుండా పట్టుకుని, కనుచూపు మేర నీళ్లే, మక్తల్ అవతల కృష్ణ నిండుగా పారినప్పుడు కూడా ఇంత వెడల్పు చూడలేదు, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే ఒట్టి చేదు, ఉప్పంటే ఉప్పగా ఉండాలి గాని ఈ చేదేమిటి, ఈ చేదు నీళ్ల కోసమా ఈ మనిషి మందను, ఊరిని, పెళ్లాన్ని వదిలేసి వచ్చింది, ఎదురుగా నిలబడి గెడతో పడవను నెడుతున్న ఈ మనిషి, రఘుపతి, అక్క మొగుడు, రాష్ట్రం వచ్చిన మరుసటేడు గొర్లకు మందు తెస్తానని నారాయణపేట పోయి మళ్లీ కనపడని మనిషి, ఇప్పుడు ఈల వేస్తున్నాడు, దర్జాగా, అదీ ఏ ఈల, పక్క చేన్లోకి పోతున్న గొర్రెల్ని వెనక్కి మళ్లించే ఈల, ఇక్కడ ఏ గొర్రెను మళ్లిస్తున్నాడో, సముద్రం కదా వినడానికి, అది ఎవరి మాట విన్నది గనక.

రొయ్యల చెరువుల కట్టలు పోయడానికి ఈ తట్టుకు కూలికొచ్చిన తమ ఊరి రాములు ఫోనులో ఫోటో పంపకపోతే ఈ జన్మలో దొరికేవాడు కాదు, ఫోటోలో గళ్ల లుంగీ, భుజం మీద వల, మాడిపోయిన ముఖం, గొంగడి లేని బావను గిరి ముందు గుర్తుపట్టనే లేదు, గుర్తుపట్టాక అన్నం సయించలేదు, ఫోను పట్టుకుని మంద దగ్గరికి ఉరికాడు, అక్క భాగ్యలక్ష్మి ఒక గొర్రె కాలును ఒళ్లో పెట్టుకుని గిట్టలో దిగిన ముల్లు తీస్తోంది, ఫోటో చూసింది, చూసి మళ్లీ ముల్లు వైపు వంగింది, బతికే ఉన్నడా, మంచిదే, అన్నది, నేను పోయి తోల్కొస్త అక్కా అంటే, పోతే పో, చూసి రా, తోల్కరాకు, అన్నది, గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు, ఆడవాళ్లు అట్లాగే అంటారులే, అక్కకు పౌరుషం ఎక్కువ, లోపల ఎంత కుమిలిపోతోందో లోకానికి తెలియకపోవచ్చు, తమ్ముడికి తెలియదా, తెలుసు, తనకొక్కడికే తెలుసు, అనుకుని బస్సెక్కాడు, దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చాడు, నీకు సిగ్గున్నదా అని అడగాలి, మా అక్క ఏం తక్కువ చేసిందని అడగాలి, కాలరు పట్టుకోవాలి, తీరా నిన్న సాయంత్రం దిగేసరికి ఈయనే ఎదురొచ్చి గట్టిగా వాటేసుకుని, బక్కగైనవ్ గిరి, అన్నాడు, పీతల కూర వండాడు, డొప్ప పగలగొట్టి లోపలి కండ తీసి తన పళ్లెంలో వేశాడు, అక్క మాట ఎత్తలేదు, ఊరి మాట ఎత్తలేదు, పొద్దుగాల నిన్ను పడవల తిప్పుత, చేపలు పడుదం, అన్నాడు, చుట్టపుచూపుగా వచ్చినవాడికి జాతర చూపిస్తానన్నట్టు, పేర్చుకున్న మాటలన్నీ ఆ పీత కండతో పాటే గొంతులోంచి దిగిపోయాయి, రుచిగా ఉందని రెండోసారి వేయించుకున్నాడు కూడా, సిగ్గు లేనిది ఎవరికో.

వల ఇట్ల వదలాలె, గుంజొద్దు, దానంతట దాన్ని పోనియ్యి, అంటున్నాడు బావ, గిరి చేతుల మీద చేతులు పెట్టి, ఆ చేతులు మారలేదు, కర్ర పట్టి పట్టి కాయలు కాసిన చేతులు ఇప్పుడు తాడు పట్టి కాయలు కాశాయి, అంతే తేడా, నాయిన గుర్వయ్య పోయినప్పుడు మందకు మగదిక్కు లేదని అమ్మ అక్కకు ఇల్లరికపు మొగుణ్ని తెచ్చింది, ఒక గొంగడి, ఒక కుక్క, అవే ఆయన తెచ్చుకున్న ఆస్తి, ఆ మొదటి వానాకాలమే ఊరి రైతు భీమయ్య చేన్లో ఎరువుకు మంద పెట్టినప్పుడు, రాత్రి ఆ గొంగడి సగం తన మీద కప్పాడు, ఏ గొర్రె ఈ పూట ఈనుతుందో నడక చూసి చెప్పడం నేర్పాడు, నాయినను మరిపించాడు, మరిపించడం ఎందుకు మరి, సగంలో వదిలి పోయేవాడు మరిపించకూడదు కదా, వల బరువెక్కింది, లాగు లాగు అంటున్నాడు బావ, లాగితే తెల్లగా మెరుస్తూ ఇంత పొడుగు పండుగప్ప, తోక కొడితే నీళ్లు ముఖం నిండా పడ్డాయి, గిరి నవ్వాడు, పకపకా నవ్వాడు, నవ్వాక తన నోటిని తానే కొట్టుకోవాలనిపించింది, అక్క అక్కడ ఎండలో మంద వెనక నడుస్తుంటే తను ఇక్కడ ఈయన పక్కన కూర్చుని చేపను చూసి నవ్వుతున్నాడు.

మడ చెట్ల దాపున ఇంకో వల కట్టి, అది నిండేదాకా జర నడుము వాలుస్త, రాత్రి నిద్ర లేదు, అన్నాడు బావ, పడవను గా గుంజకు కట్టు గిరి, నీళ్లు తగ్గినట్టు కనబడితే నన్ను లేపు, అని తువ్వాలు ముఖాన కప్పుకున్నాడు, పొద్దున్నుంచి మధ్యాహ్నంలోగా నీళ్లెట్లా తగ్గుతాయి, చెరువు ఎండడానికి ఎండాకాలమంతా పడుతుంది, నాలుగేళ్లు ఇక్కడుండి పెద్ద సముద్రపు మనిషినయ్యానని గొప్పలు, గిరి బురదలో పాతిన ఆ గుంజ దగ్గరికి వంగి పొట్టేలుకు పలుపు వేసినట్టు కురచగా, గట్టిగా, రెండు చుట్లు తిప్పి ముడి వేశాడు, పొడుగు తాడు వదిలితే పొట్టేలు తన కాళ్లకు తానే చుట్టుకుని పడుతుంది, ఈ పాఠమూ ఈయనే నేర్పాడు, ముడి చూసుకుని తృప్తిపడ్డాడు, ఇక ఈయన లేచాక అడుగుతాను, నిద్ర లేవగానే అడుగుతాను, అనుకుంటూ కూర్చున్నాడు, కొంగలు వచ్చి వాలాయి, ఎండ నెత్తికెక్కింది, మడ చెట్ల వేర్లు ఇందాక ఇన్ని కనపడ్డట్టు లేవు, పడవ ముందుకొస మెల్లగా పైకి లేస్తోంది, నీళ్లు దాన్ని లేపుతున్నాయి కాబోలు, సముద్రంలో ఇట్లాగే లేస్తుంది కాబోలు, ఇంత చిన్న విషయం అడగడానికి ఈయన్ను లేపితే నవ్వుతాడు, లేపలేదు, ముందుకొస ఇంకా లేచింది, తను వెనక్కి జారుతున్నాడు, చేపల టబ్బు జారుతోంది, అప్పటికిగాని తెలియలేదు, పడవ లేవడం లేదు, నీళ్లు దిగిపోతున్నాయి, ముక్కుతాడుకు వేలాడే ఎద్దులా పడవ ఆ గుంజకు వేలాడుతోంది, ఆ తెలియడమూ, టబ్బు తిరగబడి పండుగప్ప మిగిలిన కాసిని నీళ్లలోకి పోవడమూ, బావ ఉలిక్కిపడి లేవడమూ ఒక్కసారే అయ్యాయి, బరువుకు ముడి బిగుసుకుపోయి రాలేదు, బావ కత్తి తీసి తాడు కోశాడు, పడవ దబ్బున పడింది, పడ్డది నీళ్లలో కాదు, బురదలో.

తిడతాడనుకున్నాడు, తిడితే బాగుండేది, మాటకు మాట పెరిగేది, కాలరు పట్టుకోవడానికి వీలయ్యేది, బావ తెగిన తాడు ముక్క చేతిలో పట్టుకుని చూసి, పొట్టేలును కట్టినట్టు కట్టినవ్ కదరా, అన్నాడు, అని నవ్వాడు, నవ్వు మధ్యలో ఆపి ఆ తాడు కొసను వేళ్ల మధ్య నలుపుతూ, నేను గూడ మొదట్ల గిట్లనే కట్టిన, అన్నాడు, చుట్టూ మెత్తటి బురద, పీతలు బొరియల్లోంచి తొంగి చూసి లోపలికి పోతున్నాయి, మళ్లీ పోటు వచ్చేదాకా కదలడానికి లేదంట, దిగితే నడుములోతు కూరుకుపోతామంట, ఇద్దరూ ఒరిగిన పడవలో ఎదురెదురుగా కూర్చున్నారు, లేచి గెడ వేసే పని లేదు, వల లాగే పని లేదు, పారిపోయే అలవాటున్న మనిషికి పారిపోయే దారి లేదు, అడిగాడు గిరి, ఎందుకు పోయినవ్ బావా, అని అంతే, బస్సులో పేర్చుకున్న మాటల్లో అదొక్కటే మిగిలింది, బావ గోళ్లలో బురద తీసుకుంటూ చెప్పాడు, గొర్లకు నీలినాలుక రోగమొచ్చింది యాదికున్నదా, రోజూ రెండు మూడు చస్తుండె, మందు కోసమని పేటకు పోయిన, మందుల దుకాణం ముందట నిలబడ్డ, లోపలికి పోబుద్ధి కాలె, పక్కన బొంబాయి బస్సు ఆగి ఉండె, ఎక్కిన, ఆడ నిలువలేక ఈడికొచ్చి పడ్డ, గదే, ఇంకేం లేదు గిరి, మీ అక్క తప్పేం లేదు, నీ తప్పేం లేదు, ఎక్కిన.

ఇంకేదో ఉంటుందనుకున్నాడు, ఇంకో ఆడది, అప్పు, గొడవ, ఎవరో అన్న మాట, ఏదో ఒకటి, నాలుగేళ్లు మనసులో తిప్పి తిప్పి చూసుకున్నవాటిలో ఏదో ఒకటి, ఇంత పెద్ద గాయానికి ఇంత చిన్న కారణమా, ఒక బస్సు ఆగి ఉండడమా, ఆ మరుసటి పొద్దున చచ్చిన గొర్రెల్ని పూడ్చింది అక్క, తను గుంత తవ్వాడు, అక్క ఒక్కొక్కదాన్నీ ఈడ్చుకొచ్చింది, మిగిలిన వాటిని పట్టుకుని బతికించింది, వానలు లేని ఏడాది మగవాళ్లతో సమానంగా కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయింది, ఆడమనిషి మంద తోలడమేందని మొదట నవ్విన దశరథం మామ రెండో ఏడు తన మందను అక్క మంద వెనక కలిపాడు, ఇదంతా చెప్పాలి ఈయనకు, ముఖాన కొట్టినట్టు చెప్పాలి, అనుకుంటుండగానే బావ అడిగాడు, మీ అక్క ఏమన్నది, అని, తల ఎత్తకుండా, గోళ్ల వైపే చూస్తూ, ఆ ఒక్క ప్రశ్న ఎప్పుడొస్తుందా అని నిన్నటి నుంచి గిరి ఎదురుచూస్తున్నాడు, రమ్మన్నది, అన్నాడు, ఎంత సులువుగా వచ్చింది అబద్ధం, నిన్ను తోల్కరమ్మన్నది బావా, రోజూ నీ మాటే, అన్నాడు, అప్పటికి బావ తల ఎత్తాడు, ముఖం ఎట్లా మారిందంటే చూడలేక గిరి కొంగల వైపు చూశాడు, నాలుగేళ్లలో ఎవరూ ఈ మనిషిని రమ్మనలేదు, ఎక్కడికీ రమ్మనలేదు, వల పట్టడానికి, కట్టలు పోయడానికి పిలిచి ఉంటారు గాని రమ్మని ఎవరూ అనలేదు, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి, గెలిచాను, అనుకున్నాడు గిరి, తీసుకుపోతున్నాను, ఈ రాత్రే బస్సు.

నీళ్లు వస్తున్నాయి, మొదట బురద మీద మెరుపులా, తర్వాత సన్నటి పాయల్లా, బావ ముఖం తుడుచుకుని మాట్లాడడం మొదలుపెట్టాడు, ఆగకుండా మాట్లాడుతున్నాడు, పడవ ఇక్కడోళ్లకే ఇచ్చేస్త, తెల్లారి బయల్దేరుదం, మంద ఎంతున్నదిప్పుడు, ఈసారి కృష్ణ ఒడ్డుకు నేనే తోల్కపోత, ఆడమనిషి ఎన్నేండ్లని గొర్ల ఎంబడి తిరుగుతది, మీ అక్క ఇంట్ల కూసోని ఇంత వండిపెడితే చాలు, ఇగ ఆమెకు ఫికర్ లేదు, మంద నేను చూసుకుంట, అంటున్నాడు, మంచి మనసుతోనే అంటున్నాడు, కాని గిరికి ఇంట్లో కూర్చున్న అక్క ఎంత ప్రయత్నించినా కళ్ల ముందుకు రావడం లేదు, చేన్లో మంద పక్కన మంచం వేసుకుని, చేతి కింద కర్ర పెట్టుకుని, చుక్కలు చూస్తూ పడుకున్న అక్కే వస్తోంది, తెల్లారి లేచి ఒక్క కేక వేస్తే అన్ని తలలూ ఒక్కసారి లేచే మంద వస్తోంది, ఆ కేక వేసినప్పుడు అక్క ముఖం ఎట్లా ఉంటుందో, ఈయన ఉన్న రోజుల్లో ఆ ముఖం ఎప్పుడైనా అట్లా ఉందా, లేదు, ఈయన చెడ్డవాడు కాదు, కొట్టలేదు, తిట్టలేదు, కాని లేదు, తోల్కరాకు అన్నది అక్క, ఎంత తేటగా అన్నది, పౌరుషమని, కుమిలిపోతోందని, ఆడవాళ్లు అట్లాగే అంటారని ఎవరన్నారు, తనే అనుకున్నాడు, అక్క నోట్లోని మాట తీసేసి తన మాట పెట్టుకుని ఇంత దూరం మోసుకొచ్చాడు.

పడవ కింద నీళ్లు చేరి చెక్కలు కిర్రుమన్నాయి, ఒరిగిన పడవ మెల్లగా నిటారుగా అయింది, బావ లేచి గెడ అందుకున్నాడు, ఒడ్డు వైపు తిప్పుతున్నాడు, మళ్లీ ఆ ఈల వేయబోతున్నాడు, వేయకముందే చెప్పాలి, ఆ ఈల వింటే ఇక చెప్పలేడు, ఆగు బావా, అన్నాడు గిరి, అక్క రమ్మనలే, తోల్కరావొద్దన్నది, నీకు అబద్ధం చెప్పిన, నువ్వు రాకు, ఇంత అంటే అయిపోయింది, ఎంత సన్నటి గొంతుతో అన్నాడో, బావ గెడ మీద చేతులు ఆన్చి నిలబడిపోయాడు, కోపం వస్తుందేమోనని చూశాడు గిరి, రాలేదు, ముఖం మాత్రం ఇందాక తెరుచుకున్నట్టే మెల్లగా మూసుకుంది, మరి నువ్వెందుకొచ్చినవ్ రా, అన్నాడు, నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టు, గిరి నోరు తెరిచాడు, అక్క కోసం అనబోయాడు, అదీ అబద్ధమే, అక్క ఏడ్వలేదు, ఈ నాలుగేళ్లలో ఒక్కనాడు కూడా ఏడ్వలేదు, ఊళ్లోకి బస్సు వచ్చినప్పుడల్లా అరుగు మీద నుంచి లేచి చూసింది అక్క కాదు, తనే, బావ వదిలిపోయిన ఆ పాత గొంగడిని ఎవరినీ ముట్టనివ్వక దాచింది తనే, మొగుడు వదిలేసినదానిలా ఇల్లంతా మూలుగుతూ తిరిగి, ఆ మూలుగంతా అక్కదని ఊరికి చెప్పిందీ తనే, అక్కకు మొగుడు పోయి మంద దక్కింది, తనకు బావ పోయి ఏమీ దక్కలేదు, ఇక ఆ బావ కూడా దక్కడు, రావద్దని ఇప్పుడు తన నోటితో తనే చెప్పాడు.