మునెప్ప మొలతాడు

నన్ను చూడగానే మునెప్ప కళ్లు మూసుకున్నాడు. నాకిది కొత్తేం కాదు. కుప్పంలోని మా మిషన్ ఆసుపత్రిలో పాస్టరు బైబిలు పట్టుకుని మంచం దగ్గరికొచ్చాడంటే ఇక ఆశ లేదని జనం లెక్క. ఎంత నవ్వుతూ వెళ్లినా యముడి బంట్రోతును చూసినట్టే చూస్తారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

ఈసారి సాయంత్రం పూట నన్ను పిలిచింది నర్సు సుధారాణి.

"పేగుకు చిల్లు పడింది పాస్టరయ్యా. పొద్దున ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. అంతా రెడీ చేసినాక రానంటే రానంటాండాడు. మీరు ప్రార్థన చేస్తే కొంచెం ధైర్యం వస్తాదేమో."

శాంతిపురం పక్కన గ్రానైటు క్వారీలో పనిచేసే మనిషి. బండలు కొట్టిన ఆ చేతులతో దుప్పటిని నడుము దగ్గర గట్టిగా పట్టుకున్నాడు. నేను ప్రార్థన మొదలుపెట్టబోతే అతని భార్య వెంకటమ్మ అడ్డొచ్చింది.

"నీ ప్రార్థన తర్వాత సామీ. మా ఆయప్ప మొలతాడు ఏల కత్తిరించిందో ముందు ఆయమ్మను అడుగు. మగోడి మొలతాడు ఎప్పుడు తెంచుతారో మీకు తెలీదా? కాటికి పోయినాక గదా!"

సుధారాణి ముఖం పాలిపోయింది. "ఆపరేషన్‌కు ముందు అందరికీ తీసేస్తాం కదమ్మా. చెత్తబుట్టలో వేసేసినా."

"నేను పొద్దున్నే పొయ్యినా," అన్నాడు మునెప్ప కళ్లు తెరవకుండానే. "పీనుగను కోసేదేంది?"

నాకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. దారమే కదా అని నేనెన్ని ప్రసంగాలు చేశానో! బాప్తిస్మం నాడు నా మొలతాడు తెంచినప్పుడు మా అమ్మ పక్కకు తిరిగి ఏడ్చింది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

గేటు ముందు బంకుకు పరుగెత్తాను. తెల్ల అంగీ వేసుకుని నల్ల మొలతాడు అడిగితే బంకు రసూల్ నోరు తెరిచాడు. ఈలోగా సుధారాణి సర్జన్‌ను బతిమాలింది. థియేటర్‌లో మొలతాడును కోతకు అడ్డు రాకుండా తొడల మీదికి జరిపి ప్లాస్టరు అంటిస్తామంటే ఆయన సరేనన్నాడు.

"నువ్వే కట్టు సామీ," అన్నాడు మునెప్ప. "భయంగా ఉండాది."

కట్టాను. ప్రార్థన నోటిదాకా రాలేదు. అతను నా చెయ్యి గట్టిగా పట్టుకుని థియేటర్ తలుపు దగ్గర వదిలాడు. అప్పటికే పొద్దు వాలింది.

సర్జన్ బయటికి వచ్చి నా వైపు చూడకుండా అన్నాడు. "పొద్దున్నే లోపలికి తెచ్చుంటే బతికేవాడు."

సుధారాణి ట్యూబులు తీసింది, ప్లాస్టర్లు ఊడదీసింది, ఒళ్లు తుడిచింది. ఆమె కళ్ల నీళ్లు ఆగడం లేదు, చేతులు మాత్రం అలవాటు ప్రకారం పని చేసుకుపోతున్నాయి. అలాగే కత్తెర అందుకుని మొలతాడు దగ్గరికి తెచ్చింది.

వెంకటమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"వద్దు తల్లీ. దీన్నన్నా మమ్మల్ని తెంచనీ."